రెండు పాటపెట్టెలు

కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంది, దానికి సంగతి ఇంకా తెలిసినట్టు లేదు, తెలిసేసరికి మెల్లగా నిదానించి ఒక రెక్కతో కిటికీ వైపు చూపిస్తూ ఆగింది. కూతురు కాలేజీకి పోయాక పాపక్క గడప పక్కన గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని ఆగిన ఆ ఫ్యానునే చూస్తూ కూర్చుంది. అరవ నెలల్లో పెరటాసి వచ్చినా ఎండ తగ్గలేదు. ఈమధ్య ధర్మపురిలో రోజూ ఈ వేళకు కరెంటు తీసేస్తున్నారు, ఎదురింటి పిండిమర ఆగుతుంది, పక్క సందులో వెల్డింగ్ ఆగుతుంది, ఆ మోతలన్నీ ఒక్కసారిగా తీసేస్తే వీధి వీధంతా నీళ్ళలో మునిగినట్టు ఉంటుంది. ఈజీ చేర్‌లో మొగుడు జయరామ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోలేదు. ఆయన నిద్ర ఎలా ఉంటుందో, ఉత్తినే కళ్ళు మూసుకుంటే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియదా. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరచిపోయిన వస్తువులాగ. ఎడమచెయ్యి మాత్రం కుర్చీ కొయ్యను పట్టుకుని ఉంది, గట్టిగా. ఎదురుగా బెంచీ మీద రెండు పెట్టెలు. సాయంత్రం వేల్మురుగన్ వచ్చేలోపల వాటిలో ఏది ఉండాలో, ఏది పోవాలో తను చెప్పాలి.

వేల్మురుగన్‌కు బస్టాండు దగ్గర ఎలక్ట్రానిక్స్ అంగడి ఉంది. జయరామకు పాపిరెడ్డిపట్టిలో రేడియో సెట్ ఉన్న కాలం నుంచి స్నేహితుడు. పెళ్ళికి, చెవులు కుట్టే వేడుకకు, గుడి జాతరకు చెట్ల మీద కొమ్ము స్పీకర్లు కట్టి పాటలు వేసే పనిని ఈ పక్కన రేడియో సెట్ అంటారు, ఆ పని చేసేవాణ్ణీ అలాగే పిలుస్తారు, రేడియో సెట్ వచ్చినాడా, రేడియో సెట్‌కు అన్నం పెట్టినారా అని. ఆ స్నేహంతోనే వేల్మురుగన్ రెండు పెట్టెలూ తెచ్చి ఇంట్లో పెట్టి, అన్న విని చూడనీ అక్కా, నచ్చింది ఉంచుకోండి, ఇంకోటి నేను ఎత్తుకుపోతాను, అని అరవంలో చెప్పి పోయాడు. నల్ల పెట్టెలో డిస్కు పెడితే పాడుతుంది, ఒక్క డిస్కులో వందల పాటలు పడతాయట, వెనకటి రికార్డులైతే ఒక గూడు నిండేవి. వెండిరంగు పెట్టె శాటిలైట్ రేడియో. దానికి అరచెయ్యంత పలక ఒకటి ఉంది, దాన్ని కిటికీలో ఆకాశానికి ఎదురుగా నిలబెడితే పైన ఎక్కడో నిలబడి ఉన్న శాటిలైట్ నుంచి పాటలు నేరుగా ఇంట్లోకి దిగుతాయట, పగలూ రాత్రీ, ఆగకుండా. అందులో తెలుగుకు వేరేగా ఒక చానల్ ఉందని కూతురు కీర్తిక చెప్పినప్పుడు పాపక్కకు నమ్మకం కలగలేదు. ఈ ఊళ్ళో తెలుగు గడప దాటి బయటికి పోయేది కాదు, బయటినుంచి లోపలికి వచ్చేదీ కాదు. బస్సులో అరవం, రేషన్ అంగట్లో అరవం, ఆసుపత్రిలో అరవం, గుళ్ళో దేవుడికి మొక్కేటప్పుడు కూడా ఎందుకో సగం అరవం. తెలుగు ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడే మాట. అది ఆకాశం నుంచి ఎట్ల వస్తుంది.

కూతురికి మొదట కంప్యూటర్ మీద మనసు పడింది. ఇంటర్నెట్ లాక్కుంటే లోకంలో ఉన్న పాటలన్నీ మనవేనమ్మా అంది, చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతుంది కాబట్టి అన్నీ దానికి తెలుసు. కానీ వాళ్ళున్న వీధికి ఆ లైను ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. పైగా దాన్ని ఆడించాలంటే ఎలుక లాంటి దాన్ని బల్ల మీద జరపాలి, ఇంగ్లీషు చదవాలి, ఎడమచేత్తో ఆయన ఏం చేస్తాడు, తనేం చేస్తుంది. అలా కంప్యూటర్ పోయి ఈ రెండూ మిగిలాయి. మిగిలినా ఏం లాభం, పొద్దున అట్ల జరిగాక.

పొద్దున కీర్తిక తల కూడా దువ్వుకోకుండా డిస్కు పెట్టింది. ఆ డిస్కు కోసం అది ఎంత తిరిగింది, ఆదివారాలన్నీ తిరిగింది. నాయన రేడియో సెట్‌లో వేసిన పాటలే కావాలని పాపిరెడ్డిపట్టి పోయింది, పాత రికార్డులు కొన్నవాళ్ళ ఇళ్ళు వెదికింది, క్యాసెట్లు అడిగి తెచ్చి వేల్మురుగన్ అంగట్లో కూర్చుని ఒక్కొక్కటే డిస్కులోకి ఎక్కించింది. ఒక్క పాట మాత్రం వద్దని పాపక్క ముందే చెప్పింది, ఎందుకని కీర్తిక అడగలేదు, దానికి తెలుసు. మొదట పిళ్ళయార్ పాట, వినాయకుడి పాట వచ్చింది, ఏ ఊరికి పోయినా ఆయన మొదట వేసే పాట అదే. జయరామ కళ్ళు తెరిచాడు. మెడ కొంచెం పైకెత్తాడు. కీర్తిక తల్లి చెయ్యి పట్టుకుంది. తరవాత ఒక పెళ్ళి పాట, ఆ తరవాత ఇంకొకటి, ఆయన పెదాలు కదలడం మొదలుపెట్టాయి, కదిలి కదిలి వణికాయి, గొంతు నరాలు ఉబ్బాయి, పాట నడుస్తుండగానే నోట్లోంచి "హలో" అని వచ్చింది. మళ్ళీ "హలో, హలో." కుడివైపు వాలిన మూతి ఇంకా వాలింది. అంతలో ఎడమచెయ్యి చాచి ఆ పెట్టె నెత్తిమీద కొట్టాడు. పాట ఆగిపోయింది, పెట్టె బెంచీ అంచుకు జరిగింది, కీర్తిక పట్టుకోకపోతే కింద పడేదే. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నాయనా, బాగలేదా? వేరే పాట పెట్టేదా?" అని అడిగింది కీర్తిక.

"వదిలిపెట్టు, పాపా," అంది పాపక్క. "కొంచం సేపు సుమ్మ, ఊరికే ఉండనీ ఆయన్ను."

కీర్తిక ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నెమ్మదిగా పెట్టె సర్ది పెట్టి, రెండోదాన్ని తీగలు తగిలించి, పలకను కిటికీలో అటూ ఇటూ తిప్పింది, సిగ్నల్ దొరికింది అంటుండగా కరెంటు పోయింది. ల్యాబులో పని ఉంది, పోకపోతే కుదరదు అని బ్యాగు వేసుకుంది. గడప దగ్గర ఆగి, "స్విచ్చి అట్లే వేసి పెట్టినాను అమ్మా. కరెంటు వస్తే అదే పాడతాది. నువ్వు చూసి చెప్పు, నాయనకు ఏది పిడిస్తే అది," అంది. పిడిస్తే, నచ్చితే అనడానికి వాళ్ళ ఇంట్లో ఆ మాటే వస్తుంది, అరవం నుంచి వచ్చి ఎప్పుడో ఇంటిమనిషైపోయిన మాట. కీర్తిక వెళ్ళిపోయింది. చెప్పులు లాక్కుంటూ నడిచే ఆ నడక ఆయనదే, అడుగు చప్పుడు కూడా ఆయనదే.

హలో. జబ్బు చేసినప్పటి నుంచి ఆయనకు మిగిలిన మాట అదొక్కటే. ఆకలైతే హలో, నొప్పైతే హలో, కాఫీలో చక్కెర చాలకపోతే హలో. సేలం డాక్టరు చెప్పాడు, మాటలు లోపలే ఉన్నాయమ్మా, బయటికి వచ్చే దారే మూసుకుపోయింది, ఎన్నోసార్లు పలికి పలికి అరిగిపోయిన మాట ఒక్కటి దారి చేసుకుని వస్తుంది, అంతే. అవును, ప్రతి ఊళ్ళో చెట్టు కింద మైకు పట్టుకుని హలో హలో అని అరిచిన మనిషి, పెళ్ళాం పేరు ఎన్నిసార్లు పిలిచి ఉంటాడు. పిలిచేవాడే కాదు. ఇదో, అనేవాడు. తనూ పేరు పెట్టి పిలవలేదు, మేనరికం కాబట్టి మామా అంటుంది, నలుగురిలో అయితే అదీ అనదు. ఇప్పుడు తనను చూసి హలో అన్నప్పుడు మొదట్లో దుఃఖం వచ్చేది, తరవాత తరవాత అందులో తేడాలు తెలిశాయి, సాగదీసి అంటే నీళ్ళు, తుంచి అంటే కోపం, గొంతు తగ్గించి అంటే దగ్గర కూర్చోమని. ఒక్క మాటలో ఇన్ని ఉంటాయని పెళ్ళైన కొత్తలో తెలిసి ఉంటే ఎన్ని పోట్లాటలు తప్పేవో.

వేడి గాలి కిటికీలోంచి వచ్చి పలకను కొంచెం కదిలించింది. లేచి సరిచేద్దామా అనుకుంది, కూతురు తిప్పి పెట్టిన చోటు చెడిపోతుందేమోనని లేవలేదు. ఆకాశంలో ఏమీ కనిపించడం లేదు, తెల్లగా కాలిన అట్టులా ఉంది. తుంబలహళ్లి ఆనకట్ట మీద కూడా ఇలాగే ఉండేది ఆకాశం, అక్క పెళ్ళినాడు. తమది ఆనకట్ట కింద మడి, మామిడి తోపు, పెళ్ళి పందిరి తోపులోనే వేశారు. మామిడి కొమ్మ బలం చాలదని కొబ్బరిచెట్టెక్కి కొమ్ము స్పీకర్ కట్టింది ఈయనే. మేనత్త కొడుకే అయినా అంతవరకూ సరిగా చూసింది లేదు. అన్నం తీసుకుపోయి పెడితే తలెత్తకుండా తిన్నాడు, ఒక చెవి ఎప్పుడూ పాట మీదే. పొద్దుటి నుంచి అన్నీ అరవ పాటలే, తనకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, "తెలుగు పాట లేదా?" అని అడిగింది. ఉంది, ఒకటే ఉంది, గీత పడింది, అన్నాడు. గీత పడితే ఏమి, వెయ్యి అంది. వేశాడు. ఒకచోటికి వచ్చేసరికి ముల్లు గీతలో ఇరుక్కుని అదే ముక్క మళ్ళీ మళ్ళీ పాడుతుంటే ఆయన వేలితో ముల్లును ఇంత పైకెత్తి, గీత దాటించి, అవతల దించాడు. ఎంత మెత్తగా దించాడంటే పాట తెగినట్టే తెలియలేదు. పడుకున్న పిల్ల మీద దుప్పటి కప్పినట్టు. తను ఆ వేలు చూసింది. పాట ఏదో ఇప్పుడు గుర్తు లేదు. ఆ వేలు కుడిచేతిది.

పెళ్ళయ్యాక ఒకటి తెలిసింది, ఇంట్లో పాట ఉండదని. రేడియో సెట్‌కారుడి పెళ్ళానికి ఏం తక్కువ, పొద్దూకులూ పాటలే కదా అనుకున్నారు ఊళ్ళో ఆడవాళ్ళు, కానీ ఆయన ఇంటికొస్తే చెవుల్లో దూది పెట్టుకున్నంత నిశ్శబ్దం కావాలనేవాడు, రికార్డులన్నీ రేడియో సెట్ అంగట్లోనే. తనకు పాట దొరికింది గాలిలోనే. పాపిరెడ్డిపట్టిలో ఇంటి వెనక సంగటి కెలుకుతూ ఉంటే చిత్తేరి కొండల వైపు నుంచి గాలి తిరిగినప్పుడు ఒక ముక్క వచ్చేది, సగం పల్లవి, ఒక వయొలిన్ తుంపు, మళ్ళీ గాలి మళ్ళితే ఏమీ లేదు. ఏ దిక్కునుంచి వస్తుందో చూసి ఈరోజు ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పేది. ఏ పాట వేశాడో విని అక్కడ ఏం జరుగుతుందో కూడా తెలిసేది, పెద్ద పెద్ద పాటలు వేస్తే వంట ఇంకా కాలేదు, జోల పాటలాంటిది వేస్తే పెళ్ళివారిలో ఏదో గొడవ జరుగుతోంది, చల్లారుస్తున్నాడు. మనుషుల మొహాలు చూసి తరవాతి పాట తీస్తాడు. ఒక వేడుకలో వేసిన పాట మళ్ళీ వేయడు, అది ఆయన రోషం. తను ఏనాడూ ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా వినలేదు, అనుకుంటే నవ్వొస్తుంది, గాలి ఎంత ఇస్తే అంత.

అందుకే ఆరోజు తనకు ముందే తెలిసింది. కొండకింద ఊళ్ళో చెవులు కుట్టే వేడుక, పొద్దున పోయాడు, అప్పటికి రికార్డులు పోయి సీడీలు వచ్చాయి, పెద్ద స్పీకర్ డబ్బాల వాళ్ళు వచ్చాక పిలిచేవాళ్ళు కూడా తగ్గారు, అయినా పాతవాళ్ళు ఈయననే పిలిచేవాళ్ళు. తను బట్టలు ఉతుకుతోంది. గాలికి ఒక పాట వచ్చింది, పోయింది. కాసేపటికి అదే పాట వచ్చింది. ఏదో పొరపాటనుకుంది. మళ్ళీ అదే పాట. చేతిలో చీర చేతిలోనే ఉంది, అలాగే నిలబడి విన్నది, అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది, అక్కడెవరికీ ఏమీ అనిపించడం లేదా, మామ అట్ల వేయడు, మామ వేసిన పాట వేయడు. తడిచేతులతోనే రోడ్డు మీదికి పరుగెత్తి వచ్చే బస్సుకు అడ్డం నిలబడింది. పోయేసరికి చెట్టు కింద స్టూలు మీద కూర్చునే ఉన్నాడు, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చెయ్యి మాత్రం పాట మార్చడానికి పెట్టె దాకా పోలేక మోకాలి మీద వేలాడుతోంది. ఊళ్ళోవాళ్ళు అన్నం తింటున్నారు. ఆయనకు ఆ పాట అంటే ఇష్టమేమో అనుకున్నామమ్మా, అంది ఒక ఆవిడ, పాపం, ఆవిడ తప్పేముంది.

ఆ పాట డిస్కులో లేదు. అందుకే పొద్దుటి కోపం ఏమిటో తెలియడం లేదు. ఆ పాట అయి ఉంటే అర్థమయ్యేది. అన్నీ మంచి పాటలే, పెళ్ళి పాటలు, దేవుడి పాటలు, అన్నీ ఆయన చేత్తో వేసినవి. కొడుకు లేడన్న లోటు తెలియకుండా పెంచిన పిల్ల ఆదివారాలన్నీ తిరిగి ఏరి తెచ్చిన పాటలు. మరి ఎందుకు కొట్టినావు మామా. పని పోయిందన్న బాధా, ఇంకెవరో వేస్తే వినవలసి వచ్చిందన్న రోషమా, లేక తలనొప్పా, అడిగితే ఏమంటావు, హలో అంటావు. పాపక్క మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, తుండు తడిపి తెచ్చి ఆయన మెడ తుడిచింది. కళ్ళు తెరిచాడు. ఆ చూపులో పొద్దుటిది ఏదీ లేదు, అలసట తప్ప.

"పాప మనసు నొచ్చుకుంది," అంది ఆయన చెవి దగ్గర, కోపంగా కాదు, సంగతి చెప్పినట్టు. "నీ కోసం ఎంతగా తిరిగినాదో తెలుసా నీకు."

జయరామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమచేతిని ఎత్తి తన నోటిని చూపించాడు, తరవాత నల్ల పెట్టెను చూపించాడు, మళ్ళీ నోటిని. చెయ్యి గాలిలో తిప్పి, లేదన్నట్టు వదిలేశాడు. "హలో," అన్నాడు, గొంతు తగ్గించి.

దగ్గర కూర్చోమన్నాడు కాబట్టి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. నోరు, పెట్టె, నోరు. ఏం చెప్పాడో తేలక ఆ మూడింటినే తలలో అటూ ఇటూ మారుస్తూ ఉంది. బయట ఐసు బండి గంట పోయింది. ఈమధ్య తనకు కూడా మాట్లాడడం తగ్గిపోయింది, ఎదుటి మనిషి తిరిగి అనకపోతే మాట ఎంత దూరం పోతుంది. కీర్తిక లేని పూట పొయ్యితో మాట్లాడుతుంది. అందుకేనేమో పిల్ల పాటలు తెస్తానంటే ఆయన కన్నా తనే ఎక్కువ ఆశపడింది, ఇంట్లో ఒక గొంతు ఉంటుందని. శాటిలైట్ అయితే ఇంకా మంచిది, తెలుగు గొంతు. ఆయనకు కూడా పుట్టిన బాస, చల్లగా ఉంటుంది. ఆ పెట్టెనే ఉంచుకుందామని పొద్దుటి నుంచీ లోలోపల తీర్మానించుకునే ఉంది, పైకి మాత్రం చూద్దాం చూద్దాం అంటోంది.

ఫ్యాను కదిలింది. ఎదురింటి పిండిమర గొంతు సవరించుకుంది. వెండిరంగు పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగి, అది ఒక క్షణం ఆలోచించి, పాట మధ్యలోంచి మొదలుపెట్టింది. మధ్యలోంచి, అదే పాపక్కకు వింతగా తోచింది, కరెంటు లేనంతసేపూ పైన పాటలు నడుస్తూనే ఉన్నాయి కాబోలు, వీళ్ళు విన్నా వినకపోయినా. తెలుగు పాటే. ఎవరిదో కొత్త గొంతు. ఆ పాట అయిపోయాక ఒక పిల్ల గలగలా మాట్లాడింది, తెలుగే, కానీ ఎంత వడిగా, ఎంత పలుచగా మాట్లాడిందంటే పాపక్కకు సగమే అందింది, అయినా నోరు తెరుచుకుని విన్నది, పరాయి మనిషి ఒకతె తన ఇంటి మధ్యలో నిలబడి తన బాస మాట్లాడుతోంది, అరవం కలవకుండా, సిగ్గు లేకుండా. కళ్ళు చెమర్చాయి. "విన్నావా మామా," అంది. ఇంకో పాట వచ్చింది. నవ్వుతూ ఆయన వైపు తిరిగింది.

జయరామ పెదాలు మళ్ళీ కదులుతున్నాయి. పొద్దున పక్కనుంచి చూసింది, ఇప్పుడు నేల మీద కూర్చుని కిందనుంచి, దగ్గరగా చూస్తోంది. పాటలో ఒక మాట వస్తుంది, ఆయనకు ఆ మాట తెలుసు, అమ్మ అనో, వెన్నెల అనో, చిన్నప్పటి నుంచి తెలిసిన మాట, పెదాలు దాన్ని పట్టుకోవడానికి ముందుకు పోతాయి, అది దొరకకముందే ఇంకోటి వస్తుంది, దాని వెంట పోతాయి, అదీ దొరకదు. బస్సు వెనక పరుగెత్తే మనిషిలాగ. కీర్తిక డిస్కులో పాటలైతే ఒక్కొక్క మాటా ఆయనకు కంఠస్థం, ముందు ఏం రాబోతోందో కూడా తెలుసు, తెలిసీ అనలేడు. నోరు, పెట్టె, నోరు. అయ్యో, ఇదా నువ్వు చెప్పింది. నీ మాటలన్నీ పెట్టె అంటోంది, నువ్వు అనలేకపోతున్నావు, అదేనా. తెలుగైతే చల్లగా ఉంటుందనుకున్నానే, తెలుగే కదా ఎక్కువ కాలుతుంది.

చప్పున లేచింది, ఆపేద్దామని. కానీ ఆమె కన్నా ముందు ఆయన ఎడమచెయ్యి పెట్టె దాకా పోయింది. కొడతాడేమోనని పాపక్క పెట్టెను పట్టుకుంది. కొట్టలేదు. పెట్టె ముందువైపు గుండ్రటి మీట ఒకటి ఉంది, దాన్ని వేలికొసతో తడిమి, ఒక్క గడి తిప్పాడు. అరవం వచ్చింది. తిప్పాడు. హిందీ. తిప్పాడు. ఎవరో ఇంగ్లీషులో ఏదో చదువుతున్నారు, తిప్పాడు. ఒక్కో చానల్ వచ్చేముందు చిన్న నిశ్శబ్దం ఉంది, ఆ నిశ్శబ్దంలో ఆయన తల కొంచెం పక్కకు వంగుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఈ మనిషి దేనికోసమూ ఎదురుచూడగా ఆమె చూడలేదు. ఇంకా రెండు గడులు తిరిగాక ఒక డప్పు వచ్చింది, నెమ్మదిగా, నడిచి అలసిన మనిషి అడుగులాగ, దాని మీద ఏదో తీగ, తీగ మీద ఒక ముసలి మగ గొంతు. ఏ దేశందో. ఒక్క ముక్క అర్థం కాలేదు. పొరపాటున అక్కడ ఆగిందనుకుని పాపక్క తెలుగు చానల్ ఎక్కడుందో వెనక్కి తిప్పబోయింది. జయరామ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మెత్తగానే పట్టుకున్నాడు, కానీ వదల్లేదు.

పెదాలు ఆగిపోయాయి. వాటికి పరుగెత్తే పని లేదు ఇప్పుడు. మొహంలో నరాలు ఒక్కొక్కటే సడలాయి, వాలిన వైపు కూడా ఇప్పుడు వాలినట్టు లేదు, విశ్రాంతిగా ఉన్నట్టుంది. ఆ ముసలివాడు ఎవరి మీద పాడుతున్నాడో, చనిపోయిన తల్లి మీదో, తప్పిపోయిన మేక మీదో, ఎవరికి తెలుసు. తెలియకపోయినా ఏదో పోగొట్టుకున్నాడని తెలుస్తోంది, దొరక్కపోయినా పరవాలేదనుకుంటున్నాడని కూడా. కాసేపటికి జయరామ గొంతులోంచి సన్నగా ఒక మూలుగు లాంటిది వచ్చింది. పాపక్క భయపడి చూసింది. మూలుగు కాదు. పాట ఎక్కిన చోట ఎక్కుతోంది, దిగిన చోట దిగుతోంది. మాట లేదు అందులో, హలో కూడా లేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన పాడగా ఆమె వినడం ఇదే మొదటిసారి. అడుగడుగునా పాటతో బతికిన మనిషి ఒక్కనాడూ కూనిరాగం తియ్యలేదు, యంత్రం పాడుతుంటే నేనెందుకు అనేవాడు. గొంతు బాగా లేదు, బొంగురుగా ఉంది, శ్రుతి కూడా అక్కడక్కడా తప్పుతోంది. పాపక్క మణికట్టు విడిపించుకోకుండానే మళ్ళీ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

కీర్తిక ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. గడపలో బ్యాగు భుజాన వేసుకునే నిలబడి ఉంది, ఒక చెప్పు కాలికే ఉంది.

"నాయనా పాడేది?" అంది, గుసగుసగా.

పాపక్క తల ఊపింది.

"ఇది ఏం బాషమ్మా?"

"నాకేం తెలుసు. నీకు తెలుసా?"

"తెలీదు."

"ఆయనకూ తెలీదు. మన ముగ్గురికీ తెలీదు. రా, కూర్చో."

కీర్తికకు ఒక్క నిమిషం పట్టింది. తండ్రి నోటిని చూసింది, పక్కన పెట్టిన నల్ల పెట్టెను చూసింది, మళ్ళీ తండ్రిని చూసింది. చదువుకున్న పిల్ల, తల్లికి మధ్యాహ్నమంతా పట్టింది దానికి అంతసేపు పట్టలేదు. రెండో చెప్పు విడిచి వచ్చి ఆయన ఎడమ మోకాలి దగ్గర కూర్చుంది.

"అయితే నేను ఏరిన పాటలు వేస్టేనా అమ్మా," అంది. నవ్వుతూనే అంది.

"ఎందుకు వేస్టు? ఆ డిస్కు నేను ఇయ్యను. నాకు కావాల. దానికి పెట్టె ఎప్పుడన్నా కొనుక్కుంటాము. ఆయన ఊరికంతా వేసినాడు, పెళ్ళైనాక నాకు ఒక నాడు వేసినాడా?" అంది పాపక్క, అన్నాక తనకే సిగ్గేసింది, కూతురి ముందు ఏమిటీ మాటలని. కీర్తిక తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. పిల్ల ఒంటి మీద బస్సు వాసన, చెమట వాసన. జయరామ వాళ్ళిద్దరినీ చూడలేదు, పాట మీదే ఉన్నాడు, కానీ మణికట్టు వదిలి ఆ చేతిని తెచ్చి కూతురి తల మీద పెట్టాడు, దువ్వని జుట్టు మీద, పొద్దున పెట్టె మీద పడిన చెయ్యే.

ముసలివాడి పాట సాగుతూనే ఉంది, ఆగేటట్టు లేదు. బయట మోపెడ్ ఆగిన చప్పుడైంది, వేల్మురుగన్ వాకిట్లోకి వచ్చి, "ఏమక్కా, ఏ పెట్టె ఎత్తుకుపోను?" అని అరవంలో అడగబోయి సగంలో ఆపాడు. జయరామ కూతురి తల మీది చెయ్యి తీసి అతనికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు, ఉండు, పాట అయిపోనీ అన్నట్టు. వేల్మురుగన్ చెప్పులు విడిచాడు. మోపెడ్ తాళంచెవులు మోగకుండా గుప్పిట్లో మూసుకుని, వాకిట్లోనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.